రాస్తారోకోలో సెలక్షన్

మా నాయన సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. నన్నూ ఆ మగ్గాల మీదికి, మా భాషలో సాంచెల మీదికి రమ్మని రోజూ పోరేవాడు. జిల్లా క్రికెట్ జట్టులో పడితే హైదరాబాద్‌లో ఆడొచ్చు, లేకపోతే నాయన వెంటే పోవాలి. అండర్-నైంటీన్ ఆడే వయసుకు నాకదే ఆఖరి ఏడు.

అప్పట్లో మాదంతా ఒకటే జిల్లా, సెలక్షన్ కోరుట్లలో పెట్టారు. పెట్టింది క్రికెట్ సంఘం ప్రెసిడెంటు సారు. మేడిపల్లి దిక్కు నాయకుడాయన. ఆటకూ ఓట్లకూ ఆయనకు ఒకటే జీపు.

మేం నలుగురం ఆటోలో పోతే కోరుట్ల మొదట్లోనే తెలంగాణ కోసం రాస్తారోకో. రోడ్డు మధ్య పొయ్యి పెట్టి అన్నం వండుతున్నారు. గంటె పట్టుకుని కూర్చున్నది మా సారే! సెలక్షన్ తేదీ ఆయనదే, రాస్తారోకో తేదీ కూడా ఆయనదే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సార్, గ్రౌండుకు అస్తలేరా?"

"ఎట్లస్త తమ్మీ? నేను లేస్తే జనం ఏమనుకుంటరు? కూసో, ఇంత తిను. నేను లేనిది సెలక్షన్ ఎట్లయితది?"

నమ్మి కూర్చున్నాం. జై తెలంగాణ అన్నాం. నేను మనస్ఫూర్తిగానే అన్నాను. మనసు మాత్రం గ్రౌండు దగ్గరే ఉంది.

పోలీసులు వచ్చి సారును వ్యాన్ ఎక్కించారు. మాకేం తోచలేదు. సెలక్షన్ చేసేవాడే వ్యాన్‌లో ఉంటే గ్రౌండులో మాకేం పని? మేమూ ఎక్కేశాం. కానిస్టేబుల్ దిగమన్నా దిగలేదు.

జగిత్యాల ఠాణా వెనక ఖాళీ జాగలో సారు మాతో బౌలింగ్ చేయించాడు. కానిస్టేబులే బ్యాటు పట్టాడు. వికెట్టుగా పెట్టిన డబ్బాను ఎగరగొట్టాను.

"నువ్వు జట్టుల ఉన్నవ్ పో!" అని సారు నా వీపు చరిచాడు. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

సాయంత్రం వదిలేశారు. గేటు దగ్గరే కబురు తెలిసింది. గ్రౌండులో ఉన్న సంఘం పెద్దలు సారు కోసం చూసి చూసి, వచ్చినవాళ్లతోనే జట్టు కట్టి పేర్లు పంపేశారు.

సారు ముఖం మాడిపోయింది. "మల్లొచ్చే ఏడు సూద్దాం తమ్మీ."

"నాకు వచ్చే ఏడు లేదు సార్."

ఇంతలో జనం దండలతో వచ్చి ఆయన్ను జీపు మీదికి ఎక్కించారు.

"మన తెలంగాణ పోరగాండ్లకు ఆట రాదా? మనోళ్లను జట్టుల ఎందుకు తీసుకుంటలేరు?" అని సారు జీపు మీది నుంచి నన్నే చూపిస్తూ అడిగాడు. నటన కాదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆయన మీద కోప్పడాలో, జాలిపడాలో నాకు అర్థం కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.