లాభం, రెండు, మూడు

హోసూరులో మా పాప చదివే స్కూల్లో ఏటా లెక్కల దినోత్సవం చేస్తారు. ఆ ఏడు ఇంట్లో వాడే లెక్క ఏదైనా స్టేజి మీద చూపించమన్నారు. మా పాప రాగులు కొలిచి చూపిస్తానని మా ఇంటి సేరు ఎత్తుకొని పోయింది.

రిహార్సల్ నాడు ఏడ్చుకుంటా ఇంటికొచ్చింది. మొదటి సేరు పోసి "లాభం" అనిందంట. టీచరమ్మ నవ్వి, "అది నంబరే కాదు, ఒకటి అను, లేకుంటే స్టేజి ఎక్కొద్దు" అనిందంట. నాకు ఒళ్ళు మండిపోయింది. రాశి కొలిచేది మంచి మాటతో మొదలవ్వాలని, ఒకటికి బదులు లాభం అనేది పెద్దోళ్ళు పెట్టిన అలవాటు. ఈ పక్క తమిళం వాళ్ళూ కన్నడం వాళ్ళూ కూడా అట్లే కొలుస్తారు. ఆయమ్మకు తెలీకపోతే నేనేం చేసేది!

మాది డెంకణికోట పక్క అడివంచు ఊరు. నా చిన్నప్పుడు ఒక ఏడు ఏనుగులు దిగి చేనంతా తొక్కేసినాయి. కళ్ళంలో మిగిలింది చిన్న కుప్పే. "ఇంక కొలిచేదానికేముందమ్మా" అన్నాను. "నోరు ముయ్యి, సంచి పట్టు" అనింది మా అమ్మ. మొదటి సేరు పోసి, అడివిలో ఏనుగులకు వినపడేటట్టు "లాభం!" అనింది.

మరుసటి రోజు స్కూలుకు పోయినాను. "మేడమ్, నా కూతురు లాభం అనే అంటుంది. కావాలంటే పేరు కొట్టేయండి, మాట మార్చేది మాత్రం లేదు" అని మొహం మీదే చెప్పేసినాను. ఆయమ్మ మొహం చిట్లించుకునింది గానీ పేరు కొట్టెయ్యలేదు.

లెక్కల దినోత్సవం నాడు హాలు నిండా జనం. పాప సేరు నింపి ఎత్తింది. టీచరమ్మ వైపు చూసింది. సేరు అట్లే పట్టుకొని నిలబడింది. ఇంక కూర్చోలేక లేచి నిలబడి, "అనమ్మా! నీకేం భయం?" అని అరిచినాను. అందరూ తిరిగి చూసినారు. చూడనీ!

"లాభం" అనింది పాప. రెండు, మూడు అనుకుంటా బుట్టలో పోసింది.

బహుమానాలు ఇచ్చేదానికి వచ్చిన పెద్దాయన నవ్వినాడు. "బాగుందమ్మా. మరి ఒకటి యాడ పోయింది?"

పాప ఈసారి టీచరమ్మను చూడలేదు, నన్నూ చూడలేదు. బుట్ట చూపించింది.

"యాడికీ పోలేదు సార్. అన్నిటికన్నా అడుగున ఉండేది అదే."

ప్రైజు ఇంకో పిల్ల చేసిన అట్టముక్కల చక్రానికి పోయింది. పోనీ. రాగులు ఇంటికి తెచ్చి మళ్ళీ డబ్బాలో పోసినాము, లాభం నుంచే.