అన్నం తిన్నాక వేయమన్న మాత్ర

ఆ గురువారం ఆదోనిలో పదిమంది ముందు ఒకామెను తిట్టాను. తిట్లు తినాల్సింది నేను. ఐదు నిమిషాలకే ఆ సంగతి తెలిసింది. తెలిసీ ఒప్పుకోలేదు.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. వారానికొకసారి ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోనికి వచ్చి, క్యాన్సర్ రోగులను ఇంట్లో చూసుకునేవాళ్లకు నొప్పి మాత్రలు ఎలా ఇవ్వాలో చెబుతాను. ఆ రోజు మొదటినుంచీ విసుగ్గానే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా అవే భయాలు. మార్ఫిన్‌కు అలవాటు పడతాడని ఒకరు, ఇప్పుడే వాడేస్తే చివర్లో పనిచేయదని ఇంకొకరు. నొప్పి ముదిరేదాకా ఆగకూడదు, గంటల ప్రకారం వేయాలి అంటూ బోర్డు మీద గడియారం గీశాను.

భార్యను చూసుకుంటున్న ఒక ముసలాయన అన్నాడు: “మా ఇంట్లో గడియారం నిలబడి రెండేండ్లాయ సార్. మసీదులో బాంగు ఇనపడితే మాత్ర ఏస్తాండా. అల్లా పిలిసేది ఆయనోళ్లను, లేసేది మా యామె.”

అందరూ నవ్వారు. ఆ ఉపాయం మంచిదే. నేను మెచ్చుకోలేదు, “రాత్రిపూట మాటేమిటి?” అని గద్దించాను.

తర్వాత పెద్దకడుబూరు నుంచి వచ్చినామె మాత్రల అట్టలు తీసి చూపించింది. పత్తి తీసే కూలికి పోతుంది. భర్త జిన్నింగు మిల్లులో హమాలీ, బుగ్గలో క్యాన్సర్. రెండు వారాల కిందట ఇచ్చిన మాత్రల్లో సగానికి పైగా అలాగే ఉన్నాయి.

“ఏమ్మా, ఆయన నొప్పితో అల్లాడుతుంటే ఇవి దాచిపెడతావా? ఎవరికోసం దాస్తున్నావు?” అన్నాను.

ఆమె అట్టలు దగ్గరకు లాక్కుంది. “దాసలేదు సార్. అన్నం తిన్నాక ఏయమంటివి. ఆయప్ప తినేది యాడ? నోరు తెరిసేకే కాదు. తిన్ననాడు ఏసినాను, తిననినాడు ఏయలేదు.”

ఆమె చెప్పింది నిజం. ఆ మాత్రకు అన్నంతో పనిలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ వార్డులో ఏళ్ల తరబడి ఏ మాత్ర ఇచ్చినా “అన్నం తిన్నాక” అనడం నోటికి అలవాటైపోయింది. నొప్పికి ఆయన తినలేదు. తినలేదని ఆమె మాత్ర ఇవ్వలేదు. మాత్ర లేక నొప్పి ఇంకా పెరిగింది. ఆ సుడిలోకి వాళ్లను నెట్టింది నేను.

“సరే, ఇకనుంచి తినకపోయినా వెయ్యి” అని, తప్పు ఆమెదే అయినట్టు పక్కవాళ్ల వైపు తిరిగాను. ఆమె అట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

బస్టాండులో ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చున్నాక కూడా నన్ను నేను సమర్థించుకుంటూనే ఉన్నాను. ఆమె అడిగి ఉండొచ్చు కదా అనుకున్నాను. ఎవరిని అడుగుతుంది? అడిగితే కసిరేవాడిని. కండక్టరు టికెట్ కొట్టేలోపే దిగి పెద్దకడుబూరు ఆటో ఎక్కాను.

వాళ్లింట్లో ఆమె భర్త మంచం మీద తువ్వాలు బుగ్గకు అదుముకుని కూర్చున్నాడు. నన్ను చూసి, మాట సరిగా పెగలకపోయినా, “మా యామెను తిడితివంట. ఇన్నాళ్లూ ఆ పని నాదే” అన్నాడు.

“తప్పు నాది. తిన్నాక వేయమని చెప్పింది నేనే. ఆమె నా మాట విన్నది” అన్నాను, ఇద్దరికీ వినబడేలా.

ఆమె నా వైపు చూడలేదు. “రెండు వారాలు నొప్పి తిన్యాడు సార్. అది ఇప్పుడు వాపసు వస్తుందా?”

మాత్రలు రాసిచ్చిన డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. డాక్టరు చెప్పినట్టే మాత్రను చెంచాడు నీళ్లలో కరిగించాం. ఆమే పట్టింది. నొప్పి కొంచెం సడలేదాకా అక్కడే కూర్చున్నాను. గంట తర్వాత ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టాడు.

మరుసటి గురువారం అందరి ముందే ఆమెకు క్షమాపణ చెప్పాను. నేనేం తప్పు చెప్పానో, దానివల్ల ఏం జరిగిందో విడమరిచాను. ఆమె తలవంచుకుని విన్నది. పోయిన వారం ఉన్నవాళ్లలో ఇద్దరు రాలేదు. మధ్యాహ్నం వాళ్ల ఇండ్లకు వెళ్లి వాళ్లకూ చెప్పాను. అక్కడినుంచి ఎమ్మిగనూరు వచ్చి, రోగుల పేర్లు రాసుకున్న పాత రిజిస్టరు ముందేసుకుని, అంతకుముందు ఎవరెవరికి అదే మాట చెప్పానో వెతికి ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాను.