మల్లయ్య మంద గుర్తు

2023 ఎండాకాలం. నల్గొండ బస్టాండు వెనక సందులో నాదొక గేమింగ్ సెంటర్. ఎనిమిది కంప్యూటర్లు, ఒక కూలరు, గోడ మీద ‘కేకలు వేయరాదు’ అనే బోర్డు. ఆ బోర్డు చదివిన మహానుభావుణ్ని నేనింతవరకు చూడలేదు. బయటివాళ్ల దృష్టిలో మాది పిల్లల్ని చెడగొట్టే దుకాణం. కానీ ఇందులోనూ పనితనం ఉంటుంది. ఆటలో ఇరుక్కున్న గిరాకీ “అన్నా, ముందుకు పోతలేదు” అంటే గట్టెక్కించాలి. లేకపోతే రేపు పక్క సెంటర్లో కూర్చుంటాడు. అందుకే కొత్త ఆట ఏది వచ్చినా ముందు నేనే ఆడి చూస్తాను.

ఆ ఏడు ఒక డిటెక్టివ్ ఆట వచ్చింది. నగరంలో హత్య జరుగుతుంది. ఆడేవాడే డిటెక్టివ్. వాడు రెసిడెంట్ రికార్డ్స్ తెరవాలి. అంటే ఆ నగరంలో ఉండే ప్రతివాడి పేరు, ఫోటో, ఇల్లు, ఉద్యోగం, వేలిముద్ర, ఆఖరికి బూటు సైజుతో సహా రాసిపెట్టిన డేటాబేస్ అన్నమాట. పేరు తెలిస్తే పేరుతో, తెలియకపోతే వేలిముద్రతో వెతుకుతూ పోతే చివరికి ఎవరిదో తలుపు ముందు తేలతాం. తలుపు తెరిచినవాడే హంతకుడు.

ఒక మధ్యాహ్నం నేను ఆ రికార్డుల్లో తల దూర్చి ఉండగా పక్క టీకొట్టు లింగమ్మక్క ఛాయ్ తెచ్చింది. ఆమె కేతేపల్లి వైపు గొర్లు కాసుకునే ఇంటి ఆడపడుచు. అత్తగారి ఊరు తిరుమలగిరి పక్కన. భర్త పోయాక నల్గొండకు వచ్చి కొట్టు పెట్టుకుంది.

“ఏం జేస్తున్నవ్ శ్రీనూ?”

“దొంగను దేవులాడుతున్న అక్కా. పేరు కొడితే ఇల్లు జూపిస్తది.”

“ఎవ్వల పేరు గొట్టినా జూపిస్తదా?”

“ఇది ఆట అక్కా. అసలు గీ ఊరే లేదు.”

“ఆట అని నాకెరుక లేదా? నేనేమన్న గుడ్డిదాన్నా?” అని కసిరింది. కసిరిందే కానీ కదల్లేదు. తెర వైపే చూస్తూ, “మా మల్లిగాడు గిట్ల దొరికితే ఎంత మంచిగుండు” అంది.

మల్లయ్య ఆమె తమ్ముడు. తెలంగాణ వచ్చిన ఏడు అన్నదమ్ములు మంద పంచుకున్నారు. లెక్కకు కొన్ని జీవాలు తక్కువయ్యాయి. తమ్ముడే దాచాడని అన్న నలుగురిలో అరిచాడు. మల్లయ్య అక్క వైపు తిరిగి “అక్కా, నువ్వన్న చెప్పు” అన్నాడట. వాడు అలాంటివాడు కాదని తెలిసినా, అన్నకు భయపడి లింగమ్మక్క నోరు విప్పలేదు. మల్లయ్య తన వంతు గొర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఆ జీవాలు పక్కూరి మందలో బయటపడ్డాయి. అప్పటికి మల్లయ్య ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

“నా బిడ్డ పెండ్లి కుదిరింది శ్రీనూ. మేనమామ బట్టలు పెట్టాలె. వాడొస్తే అందరి ముంగట తప్పు నాదని ఒప్పుకుంట” అంది.

నాకు హుషారు వచ్చింది. ఇన్నేళ్లు తెరమీద దొంగల్ని పట్టినవాణ్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. వాళ్ల ఊరి ఓటర్ల జాబితా తీశాను. మల్లయ్య పేరు ఉంది, పాత ఇంటి నంబరుతోనే. కాగితం ప్రకారం మల్లయ్య గడప దాటలేదు. ఫేస్‌బుక్‌లో మల్లయ్యలు కుప్పలు తెప్పలు. మా దిక్కు సంతలో మల్లయ్యా అని కేకేస్తే సగం మంది తిరిగి చూస్తారు.

“అక్కా, పేరుతోని అయితలేదు. ఊరు మారినా, మనిషి మారినా, మీ తమ్ముడు మార్చకుండ చేసే పనేంది?” అని అడిగాను. ఆటలో ఇరుక్కున్న గిరాకీని ఇలాగే అడుగుతాను.

ఆమె ఆలోచించనే లేదు. “చెవికోత” అంది. ఏ మంద ఎవరిదో తెలియడానికి పిల్లగా ఉన్నప్పుడే గొర్రె చెవి కోసి గుర్తు పెడతారు. వాళ్ల నాయిన గుర్తు కుడి చెవికి రెండు గంట్లు, ఎడమ చెవి కొస కోత. “అన్న గుర్తు మార్చిండు. వీడు మార్చడు” అంది.

అప్పటినుంచి తిరుమలగిరి గొర్రెల అంగడి రోజున టీకొట్టు మూతపడేది. వచ్చిన ప్రతి గొర్రె చెవీ పట్టి చూసేది. బేరగాళ్లు “ఏందవ్వా, కొంటవా, చెవులల్ల ముచ్చట్లు చెప్తవా?” అని ఎగతాళి చేశారట. ఒక రోజు పరుగెత్తుకుంటూ నా సెంటర్‌కు వచ్చింది.

“దొరికింది శ్రీనూ! అదే కోత! బేరగాడు అచ్చంపేట అవతల, అడివి అంచుకెల్లి తెచ్చిండంట!”

మర్నాడే సెంటర్‌కు తాళం వేసి ఆమెతో బస్సెక్కాను. ఆమె సంచిలో తమ్ముడికి సర్వపిండి కట్టుకుంది. “కేసు తేలినట్టే అక్కా” అని దారి పొడుగునా నేనే ఎక్కువ మాట్లాడాను. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బేరగాడు చెప్పిన చోట మంద ఉంది. ప్రతి చెవికీ అదే గుర్తు. లింగమ్మక్క మందలోకి నడిచి “మల్లిగా” అని పిలిచింది. చింతచెట్టు కింది నుంచి లేచినవాడు మల్లయ్య కాదు. ముప్పై ఏళ్లవాడు, పేరు బాలస్వామి. ఎవరని అడిగాడు.

“మల్లయ్య అక్కను.”

అతను చేతిలో కట్టె కింద పెట్టాడు. “ఇప్పుడొచ్చినవా అమ్మా” అన్నాడు.

బాలస్వామి మల్లయ్య దగ్గర గొర్లు కాయడానికి జీతానికి ఉన్నవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మల్లయ్యకు ఆయాసం పట్టిందట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. పెళ్లి చేసుకోలేదు. మంద చూసుకొమ్మని ఇతనికే చెప్పిపోయాడు.

“ఫోన్ చెయ్యరాదే అని ఎన్నిసార్లో అన్న. అక్క నోరు తెరిచి రమ్మంటెనే పోత అనేటోడు. జర ధర తక్కువైనా జీవాలను తిరుమలగిరి బేరగానికే ఇచ్చేటోడు. గా అంగడి మా అక్క అత్తగారి ఊరి పక్కనే, ఒకనాడు చూస్తది, చెవి గుర్తువడ్తది అనేటోడు. సచ్చిపోయే ముందు గూడ గుర్తు మార్చకురా అన్నడు.”

లింగమ్మక్క ఒక గొర్రెపిల్లను దగ్గరకు లాక్కుని, దాని చెవిని వేళ్లతో తడుముతూ కూలబడింది. బాలస్వామి నీళ్లు తెచ్చాడు. తాగలేదు. సర్వపిండి అతని చేతిలో పెట్టి, “తిను బిడ్డా, నా తమ్మునికి బువ్వ వెట్టినోనివి” అంది.

మా ఆటలో కనబడనివాడంటే దాక్కున్నవాడే. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో మల్లయ్య గురించి అలాగే అనుకున్నారు, నేనూ అలాగే వెతికాను. అటువైపు నుంచి కూడా ఒకడు మన కోసం కబురు పంపుతూ ఉంటాడన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. ఈ కేసు నాకు నేర్పింది అదే. నేర్చుకుని ఎవరికి ఉపకారం?

తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు. దేవరకొండ దాటాక, కిటికీలోంచి చూస్తూ అంది:

“వాడు బతికున్నప్పుడు గా అంగడి ముంగటికెల్లి ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు శ్రీనూ. ఒక్కనాడన్న బస్సు దిగి, ఒక్క గొర్రె చెవి వట్టి చూస్తే నా సొమ్మేం పోతుండె?”