తుండుగుడ్డ కింద చెయ్యి

ఈ ఉదయం ఎదురింటి మేడ మీద ఎవరో తడి తుండుగుడ్డను ఫట్‌మని దులిపారు. నా వరండాలో గోనెపట్టా మీద పడుకున్న కుక్క ఒక చెవి కదిపి, మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఉలిక్కిపడి లేచి నిలబడింది నేను. చేతిలోని కాఫీ పంచె మీద ఒలికింది. "కుక్కే పడుకునుంటే మీరెందుకు మామయ్యా అట్లా అదిరిపడతారు?" అని మా కోడలు నవ్వింది. ఎందుకో చెప్పాలంటే తిరుపతి నుంచి చిత్తూరు మామిడి మండీ దాకా వెళ్ళాలి, అదీ డెబ్బైల నాటికి. అక్కడ కుప్పమ్మక్క ఉంటుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే ఆ చప్పుడుకు మీ చేతిలో కాఫీ కూడా ఒలికేది.

అప్పటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు. ఆమె మండీలో గుమాస్తాను. గుమాస్తా అంటే మండీ అంతా నా చేతి మీదుగానే నడిచేదని మనవళ్ళకు చెబుతుంటాను. అదేం లేదు. బండ్ల నుంచి దిగే బుట్టలు చూసుకోవడం, హమాలీలకు టీ తెప్పించడం, అక్క తిడుతుంటే తల వంచుకుని నిలబడటం, ఇవీ నా పనులు. చివరిదాంట్లో నన్ను మించినవాడు చిత్తూరులో లేడు.

ఆ రోజుల్లో మండీలో ధర నోటితో చెప్పేవారు కాదు. అమ్మేవాడి చెయ్యీ, కొనేవాడి చెయ్యీ ఒక తుండుగుడ్డ కింద కలుసుకునేవి. ఎన్ని వేళ్ళు పట్టుకుని నొక్కితే అంత ధర. చుట్టూ ఎంతమంది మూగినా ఆ ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలిసేది కాదు. బేరం కుదిరిందంటే గుడ్డ లాగి, ఫట్‌మని ఒక్క దులుపు దులిపి భుజాన వేసుకోవడమే. ఆ చప్పుడు వినపడ్డాక ఇక మాట మారదు. కుప్పమ్మక్క భర్త పోయిన ఏడాది ఆమె మండీలోకి దిగితే, ఆడమనిషితో గుడ్డ కింద చెయ్యి కలపడానికి వ్యాపారులు ఒప్పుకోలేదట. ఆమె ఎర్ర తుండుగుడ్డ ఒకటి కొని, భుజాన వేసుకుని, తన కాయల కుప్ప ముందు రోజూ నిలబడింది. "నా చెయ్యేమన్నా కరస్తాదా? కాయ బాగుంటే కొనండి, లేకుంటే పోండి" అనేదట. చివరికి మద్రాసు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి వ్యాపారి గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. ఆయనకు చూపు సరిగా ఆనదు, ఆడమనిషని తెలియక పెట్టాడని కొందరంటారు. ఆయన వెనక మిగతావాళ్ళూ వచ్చారు. ఇదంతా కళ్ళారా చూసినట్టు చెబుతున్నాను కదా? అప్పటికి నేను మండీలో చేరనేలేదు. హమాలీలు చెప్పగా విన్నదే.

ఇక కుక్క సంగతి. మామిడి ఇంకా పిందె మీద ఉండగా తోటలు చూసుకుని బంగారుపాళ్యం నుంచి జీపులో వస్తున్నాం. రోడ్డు పక్క కల్వర్టు కింద ఏదో కదిలింది. అక్క జీపు ఆపించింది. దిగి చూస్తే కుక్క. దూడంత కుక్క! నిలబడితే నా ఛాతీ దాకా వచ్చేది. సరే, నడుము దాకా. అదీ నేను కూర్చుని ఉన్నప్పుడు. అయినా పెద్దదే. ముందుకాలు వాచి దిమ్మెలా ఉంది. మెడకు ఎవరో కట్టిన తాడు చర్మంలోకి దిగిపోయింది.

"వొద్దమ్మా, ఇది కరిస్తే యాడ సావాల?" అన్నాడు డ్రైవరు.

"కరిసేదానికి దాంట్లో పాణం యాడుంది? నువ్వు కాళ్ళకాడ పట్టుకో" అంది అక్క.

ఆ కుక్కను ఒంటిచేత్తో ఎత్తి జీపులో పడుకోబెట్టింది నేనేనని పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను. ఎత్తింది డ్రైవరూ అక్కానూ. నేను జీపు వెనక తలుపు పట్టుకున్నాను. ఆ తలుపు మాత్రం మహా బిగువుగా ఉండేది, ఆ మాట నిజం.

పశువుల డాక్టరు తాడు కోసి, కాలికి కట్టు కట్టాడు. కాయలు దిగేదాకా గోడౌను ఖాళీయే కనుక ఒక మూల వరిగడ్డి పరిచి దాన్ని అక్కడ ఉంచాం. నేను సంబరంగా "దొరా, దొరా" అని పిలవబోయాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది.

"పేరు పెట్టొద్దు. పేరు పెట్టేది దీన్ని సాకే ఇంటోళ్ళు. ఇది మనది గాదబ్బోడా. పొయ్యే ఇల్లు దొరికేదాకా మన కాడ ఉండాది, అంతే."

"మనమే పెట్టుకుంటే ఏమక్కా?"

"పొద్దంతా మండీలో అరుపులు, లారీలు. ఈడ ఇది బతికేది గాదు, దాక్కునేది. దానికొక ఇల్లు గావాల."

ఆ గోడౌను ఆమె బావగారు చెంగల్రాయుడిది. ఆయన వచ్చి, ద్వారం అవతలే నిలబడి కుక్కను చూశాడు. "కాయ దిగేనాటికి ఇది ఈడ ఉండకూడదు కుప్పమ్మా. హమాలీలు లోపలికి రామంటా ఉండారు. ఉంటే కుక్కలబండోళ్ళకు కబురు పెడతా" అన్నాడు. మునిసిపాలిటీ వాళ్ళ కుక్కలబండి ఎక్కిన కుక్క తిరిగి వచ్చింది మేమెవరమూ చూడలేదు. ఆమె తలెత్తకుండానే "కాయ దిగేలోపల పంపిస్తా బావా" అంది. ఆ మాటే ఆమె దులిపిన గుడ్డ.

వారం తిరక్కుండానే అసలు కష్టం బయటపడింది. సంగటి ముద్దలో మజ్జిగ పోసి పెడితే తినేది. నన్ను చూసి తోక కూడా ఆడించేది. నన్ను చూస్తే చాలు ఎగిరి గంతేసేదని రాద్దామనుకున్నాను కానీ, ఆడించింది తోక చివర మాత్రమే. ఒకరోజు హమాలీల మేస్త్రీ గోడౌనులోకి వచ్చి, చెమట తుడుచుకుని, అలవాటు కొద్దీ తుండుగుడ్డ ఫట్‌మని దులిపాడు. అంతే. కుక్క మూలనున్న గడ్డిమోపుల వెనక్కి దూరి, పళ్ళు బయటపెట్టి, నిలువెల్లా వణుకుతూ అక్కడే ఉచ్చ పోసుకుంది. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

"ఎవడో దీన్ని గుడ్డ తడిపి మెలేసి కొట్టినాడు" అంది అక్క. మేస్త్రీ తల గోక్కున్నాడు. "మండీలో గుడ్డ దులపొద్దంటే ఎట్లక్కా? ఊపిరి పీల్చొద్దన్నట్టుండాది."

నిజమే. భుజాన గుడ్డ లేని మగవాడు మా జిల్లాలో ఎక్కడ దొరుకుతాడు? కుక్కను ఎవరింటికి పంపినా ఆ ఇంట్లో గుడ్డ ఉంటుంది, ఆ గుడ్డ దులిపే చెయ్యి ఉంటుంది. మరునాడు నేను వెళ్ళేసరికి కుప్పమ్మక్క గోడౌనులో నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. ముందుకు చాపిన కుడిచేతి మీద ఎర్ర తుండుగుడ్డ. గుడ్డ కింద అరచేతిలో సంగటి. కుక్క ఇంకో మూల.

"ఏం జేస్తా ఉండావక్కా?"

"బేరం."

"కుక్కతోనా?"

"నీతో జేసేదానికంటే నయం. అది అబద్ధం సెప్పదు."

రోజూ అంతే. కదిలేది కాదు, పిలిచేది కాదు. తోట రైతులు వచ్చి బయట కూర్చునేవాళ్ళు, చెంగల్రాయుడు ద్వారం దగ్గర దగ్గేవాడు. ఆమె చెయ్యి అలాగే చాపి ఉండేది. చెయ్యి నొప్పి పుడితే ఎడమచెయ్యి మార్చేది. కుక్క ఒక అడుగు వచ్చేది, రెండడుగులు వెనక్కి పోయేది. చివరికొక రోజు మూతి గుడ్డ కిందకు దూర్చి, సంగటి తిని, ఆ తర్వాత కూడా మూతి తీయకుండా అక్కడే ఉంచింది. అక్క గుడ్డను మెల్లగా జరిపి, మడత పెట్టి, నేల మీద పెట్టింది. దులపలేదు. ఆమె గుడ్డ దులపకుండా బేరం ముగించింది నాకు తెలిసి అదే మొదలు.

నేనూ కూర్చున్నాను ఆమె తర్వాత. ఆ కుక్కను మచ్చిక చేసింది నేనేనని చిత్తూరులో సగం మందికి చెప్పాను. నా గుడ్డ కింద సంగటి తిని వెంటనే వెళ్ళిపోయేది. మూతి పెట్టి నిలిచింది అక్క చేతి కిందే. నాకు ఓపిక లేదు. అది దానికి నాకంటే ముందే తెలిసిపోయింది.

కాయ దిగే ముందు రోజు చెంగల్రాయుడే ఒక మనిషిని తీసుకొచ్చాడు. తిరుపతిలో లాడ్జీ యజమాని. గేటు దగ్గర కట్టేయడానికి పెద్ద కుక్క కావాలట. అక్క గోనెపట్టా పరిచి, "కూసోండి. గుడ్డ కింద సెయ్యి పెట్టండి. అది వచ్చేదాకా ఉండండి" అంది. ఆయన తెల్ల పంచె చూసుకున్నాడు, గోనెపట్టా చూశాడు. నిలబడే, "కుక్కను అడిగేదేందమ్మా? కట్టేసి నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది" అన్నాడు.

"అట్ల దారికి తెచ్చినోళ్ళే దీన్ని కల్వర్టు కిందికి తెచ్చినారు. మీరు పోయి రాండి" అంది అక్క.

చెంగల్రాయుడి ముఖం కందిపోయింది. "వచ్చిన మనిషిని తరిమేస్తివే! రేపు కాయ దిగుతాది. బండోళ్ళకు కబురు పెట్టేసినా, పొద్దు గూకే లోపల వస్తారు. ఇంక నన్నడగొద్దు" అని వెళ్ళిపోయాడు. అక్క గోనెపట్టాను తీయలేదు. అలాగే ఉంచింది.

మరునాడు తొలి కాయ బంగారుపాళ్యం దగ్గరి రైతు గోవిందప్పది. రెండు ఎద్దులబండ్లతో వచ్చాడు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. అక్కతో గుడ్డ కింద బేరం కుదిరింది, ఆయన గుడ్డ లాగి ఫట్‌మనిపించాడు. గోడౌనులో దబ్బున ఏదో పడింది. ఖాళీ బుట్టలు కూలదోసుకుంటూ కుక్క గడ్డి వెనక్కి దూరింది.

"ఏందమ్మా అది?" అన్నాడు గోవిందప్ప. అక్క చెప్పింది. ఆయన గోడౌనులోకి తొంగి చూసి, "తోటలో నేనూ మా ఇంటామె ఇద్దరమే. సూస్తా" అని లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే గోనెపట్టా మీద కూర్చున్నాడు. గుడ్డ తీసి చేతి మీద కప్పుకున్నాడు.

"శానాసేపు పడతాది గోవిందన్నా."

"ఎద్దులకు గడ్డేసినా. నాకేం తొందర?"

మధ్యాహ్నం దాటింది. బయట కాయల బండ్లు వరుస కట్టాయి. హమాలీలు గొణుగుతున్నారు. చెంగల్రాయుడు వచ్చి లోపలికి చూసి, నన్ను తిట్టి వెళ్ళాడు. ఎండ వాలుతుండగా కుక్క గడ్డి వెనక నుంచి వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. గోవిందప్ప గుడ్డ కింద మూతి పెట్టింది. తీయలేదు.

అక్క ముఖంలో వెలుగు వస్తుండగానే గోవిందప్ప "ఇంకేం!" అంటూ లేచాడు. బేరం కుదిరింది కదా. బేరం కుదిరితే చెయ్యి ఏం చేస్తుంది? నలభై ఏళ్ళ అలవాటు. గుడ్డ లాగి ఫట్‌మని దులిపాడు.

కుక్క కుయ్యోమని మళ్ళీ గడ్డి వెనక్కి పోయింది. కుక్కలబండి ఇంకెంతసేపటికి వస్తుందో అని నేను ద్వారం వైపు చూశాను. గోవిందప్ప తన చేతిలోని గుడ్డను, ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి అక్క చేతికిచ్చాడు.

"ఇది నీ కాడనే పెట్టుకోమ్మా. సెయ్యి నా మాట ఇనదు. గుడ్డే లేకుంటే ఏం దులుపుతాది?"

మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి ఉత్త చెయ్యి చాపాడు. అక్క తన ఎర్ర గుడ్డ తీసి ఆయన చేతి మీద కప్పబోయింది, ఆయన వద్దన్నాడు. దీపాలు పెట్టే వేళకు కుక్క వచ్చి ఆ ఉత్త అరచేతిలో మూతి పెట్టింది.

ఆయన ఒట్టి భుజంతో, కుక్కను వెంటబెట్టుకుని మండీ మధ్యగా నడిచాడు. పెద్దమనిషి గుడ్డ లేకుండా నడవడమంటే మా వైపు తలపాగా తీసి చేతికిచ్చినట్టే. "ఏం గోవిందప్పా, గుడ్డ యాడ పోగొట్టుకున్నావప్పా?" అని ఎవరో ఎకసెక్కం చేశారు. "ఇచ్చి కుక్కను కొన్నా. లాభమే" అన్నాడు ఆయన, ఆగకుండా. ఖాళీ బండిలో గడ్డి మీదికి ఎక్కించాక, "దీని పేరేందమ్మా?" అని అడిగాడు.

"పెట్టలేదు. నువ్వే పెట్టాల."

"ఇంటి కాడ మా ఆమె ఉండాది. ఆమెనే పెట్టనీ."

నేను ఏడవలేదని ఇన్నాళ్ళూ చెప్పాను. ఏడ్చాను. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, పెదవులు కదలకుండా అంది: "ఏడ్సేది ఉంటే బండి పోయినాక ఏడువు. ఇప్పుడు ఏడిస్తే అది ఎనిక్కి సూస్తాది." బండి మలుపు తిరిగేదాకా ఆమె నవ్వు ముఖం పెట్టుకుని నిలబడింది. తిరిగాక ఏం చేసిందో నేను చూడలేదు. గోడౌనులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుక్కలబండి వాళ్ళు చెప్పిన వేళ దాటాక వస్తే నేనే టీ ఇచ్చి పంపాను.

మరుసటి ఏడాది గోవిందప్ప ఒట్టి భుజంతోనే కాయ తెచ్చాడు. బేరానికి అక్క తన ఎర్రగుడ్డ పరిచింది. కుదిరాక మడత పెట్టింది. కుక్క బాగుందని, మూడు పూటలా ఇంటామె కాళ్ళలోనే తిరుగుతుందని ఆయన చెప్పాడు. "ఒకసారి పోయి సూసొద్దామా అక్కా? నీకు సూడాలని లేదా?" అని అడిగాను. "ఉండాది. ఉంటే? మనల్ని సూస్తే దానికి గోడౌను గుర్తొస్తాది" అంది. బంగారుపాళ్యం మీదుగా ఎన్నిసార్లు పోయినా ఆమె జీపు ఆ తోట వైపు తిరగలేదు.

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నా వరండాలో ఉన్న ఈ కుక్క అలిపిరి దారిలో దొరికింది. రేపు ఉదయం ఎవరో దంపతులు దీన్ని చూసుకోవడానికి వస్తున్నారు. ఫోనులో దూడంత ఉంటుందని చెప్పాను. వచ్చి చూసి వాళ్ళే తగ్గించుకుంటారు. గోనెపట్టా ఉతికి ఆరేశాను. నా తుండుగుడ్డ నాలుగు మడతలతో బల్ల మీద ఉంది. దాన్ని దులపడం నేను చిత్తూరులోనే మానేశాను. మధ్యాహ్నం వరండాలో కూర్చుని, ఉత్త చెయ్యి చాపి ఉంచాను. కుక్క వచ్చి మూతి పెట్టి, చాలాసేపు తీయలేదు. నాకు ఓపిక వచ్చిందనుకుంటాను. పేరు మాత్రం పెట్టలేదు. ఏడ్చేది ఉంటే, వాళ్ళ బండి మలుపు తిరిగాక చూసుకుంటాను.