ముల్లు దిగని పాదం

సైన్స్ ఎగ్జిబిషన్ అనగానే మా బడి పిల్లలు రాకెట్ చేస్తామంటారు. అట్టపెట్టె, వెండి కాగితం, పని అయిపోయినట్టే. నేను సైన్స్ టీచర్‌ని. ఏటా అదే చూసి చూసి విసుగొచ్చింది. ఈసారి చంద్రుడి మీద మొదట నడిచినవాళ్ళ బూటు చేద్దామన్నాను. రాకెట్ గురించి అందరూ చెబుతారు, ఆ బూటు అడుగు గురించి అడిగే దిక్కు లేదు. అడ్డంగా గాడులు చెక్కిన అచ్చులో చిక్కటి రబ్బరు ద్రవం పోసి, గాలి బుడగలు మిగలకుండా చూసి, గట్టిపడ్డాక ఒలిచి తీయడమన్నమాట. చంద్రుడి దుమ్ములో పడిన ఆ అడ్డగీతల ముద్ర ఫోటో పిల్లలకు చూపించాను.

అచ్చుకు మాకేం కొదవ? మార్కాపురం చుట్టూ పలకరాయి ముక్కలు కుప్పలు పడి ఉంటాయి. మందపాటి బిళ్ళ ఒకటి తెచ్చి ఉలితో గీతలు తొలిచాం. ఇక కావలసింది పెద్ద పాదం కొలత. తర్లుపాడు దగ్గర మా ఊళ్ళో మా నాయన పాదాన్ని మించిన పాదం లేదని నా నమ్మకం.

ఆయన గొర్రెలు కాస్తాడు. సాయంత్రం మంద దొడ్డికి చేరాక, అన్నానికి ముందు కాళ్ళు చూసుకోవడం మావాళ్ళ అలవాటు. మొలతాడుకు వేలాడే చిన్న పట్టకారులాంటి చిమటాతో ముళ్ళు పీక్కుంటారు. మంద ఉండే చోటు పవిత్రమని దొడ్డిలోకి చెప్పులతో వెళ్ళరు గనక అక్కడా ముళ్ళు గుచ్చుకుంటాయి. కొన్నాళ్ళుగా మా నాయన చిమటా ముట్టడం మానేశాడు. "తుమ్మముల్లు గూడా నా కాలికి దిగదు" అని మీసం తిప్పేవాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. నేనైతే బడిలో కూడా గొప్పగా చెప్పుకున్నాను.

ఆ ఆదివారం పళ్ళెంలో చెరువు బంకమట్టి పరిచి, నిలబడమన్నాను.

"ఏందమ్మా ఇది, ముసలోనితో బొమ్మలాట?" అంటూనే మురిసిపోతూ నిలబడ్డాడు.

కాలు తీశాక చూస్తే, మట్టిలో బొటనవేలి ముద్ర దగ్గర చింతగింజంత బొడిపె. మట్టిగడ్డ అనుకుని వేలితో నొక్కాను. వేలికి ఎర్రగా అంటింది. పాదంలో గుంట ఉంటేనే కదా మట్టిలో బొడిపె లేచేది! గబుక్కున ఆయన కాలు ఎత్తి చూశాను. బొటనవేలి కింద నల్లటి గుంట, చుట్టూ తెల్లగా నానిన చర్మం, లోపల విరిగిపోయిన ముల్లు. కుళ్ళిన వాసన.

"ఏమైందమ్మా, అట్ల చూస్తాండావు?"

"నొప్పి లేదా నాయనా?"

"యాడ? ఏం లేదే!" అని నవ్వినాడు. గుంటకంటే ఆ నవ్వు చూసి ఎక్కువ భయపడ్డాను.

ఆటోలో మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టర్ ఆయన్ను కళ్ళు మూసుకోమని, "తగిలినప్పుడు చెప్పు పెద్దాయనా" అని సూదిమొన పాదానికి ఆనించాడు. మడమకు ఆనించాడు, మధ్యలో ఆనించాడు, వేళ్ళకు ఆనించాడు. మొన చర్మంలోకి నొక్కుకుపోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"పెట్టు సారూ, ఎంతసేపు?" అన్నాడు మా నాయన.

ముల్లు దిగుతూనే ఉంది, ఆయనకు తెలియడం లేదంతే. షుగర్ ఎప్పుడు వచ్చిందో ఏమో, పాదాల్లో నరాలు చచ్చిపోయాయన్నాడు డాక్టర్. ఆ జబ్బును పట్టుకుని ఇంటిల్లిపాదీ మొనగాడితనం అనుకున్నాం. సైన్స్ చెప్పేదాన్ని, నేనూ అనుకున్నాను! పాదం నిలుస్తుందో తీసేయాలో అప్పుడే చెప్పలేమన్నారు. ఎగ్జిబిషన్ ఎట్లా జరిగిందో నాకు తెలియదు. నేను వార్డులోనే ఉన్నాను.

చివరికి బొటనవేలు పోయింది. పాదం దక్కింది. ఇక ఒక్క అడుగు కూడా వట్టికాళ్ళతో వేయకూడదని చెప్పి, ఆయన పాదానికి అచ్చు తీసి మెత్తటి అడుగు పోసిన చెప్పులు చేయించి ఇచ్చారు.

ఇంటికి వచ్చిన సాయంత్రం దొడ్డి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చెప్పు విడవబోయి నా మొహం చూశాడు. తల వంచుకుని, చెప్పులతోనే లోపలికి పోయాడు. జీవాలను లెక్క చూసుకుని తిరిగొచ్చి, నా ఎదురుగా కూర్చుని కాలు నా ఒళ్ళో పెట్టాడు. మొలతాడు నుంచి చిమటా విప్పి నా చేతికిచ్చాడు.

"నువ్వే చూడు తల్లీ. దిగిందో లేదో నాకు తెలీదు గదా."