చిలకగా మారిన రాణి, చదవని మూడో సంపుటం

ఆ రోజుల్లో నాకు భక్తికి కొదవ ఉండేది కాదు, ఓపికకే ఉండేది. ఎమ్మే తెలుగు పూర్తిచేసి, మోతీనగర్‌లో అమ్మానాన్నల దగ్గర ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న కాలం. పొద్దున లేస్తే స్తోత్రాలు, శుక్రవారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సత్సంగం, మిగిలిన వేళల్లో పుస్తకాలు. ఆ ఏడాది చదవాల్సినవన్నీ ఒక నోటుబుక్కులో పట్టిక వేసుకున్నాను. అందులో మొట్టమొదటిది ఐదు సంపుటాల పురాణం. రెండు సంపుటాలు నిజంగానే చదివాను (దీపం వెలిగించి, నెమలీక గుర్తు పెట్టుకుని మరీ). మూడోది తీద్దామనుకునేసరికి అదే పురాణం టీవీలో సీరియల్‌గా మొదలైంది. రోజూ ఏడున్నరకి. రాణిగారి కన్నీళ్ళు, ఋషుల శాపాలు, వెనక వీణ. ఇంక పుస్తకం ఎవరు తీస్తారు? సీరియల్లో వచ్చిన ఘట్టానికల్లా నా పట్టికలో టిక్కు పెట్టేశాను. వినడం కూడా భక్తే అని శాస్త్రం చెబుతోందిగా, మధ్యలో ప్రకటనలు వస్తే మాత్రం ఏం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా సత్సంగాన్ని నడిపేది పెద్దమ్మగారు. గోదావరి జిల్లాలో తెలుగు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. టీవీ కథలు సెల్లార్ మెట్లు దిగకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. ఒక శుక్రవారం ఆవిడ, "ఇవాళ నువ్వు ఏదైనా చెప్పవే" అన్నారు. నాకు ముందురోజుతో టీవీలో ముగిసిన ఘట్టమే నోట్లో ఆడుతోంది. ఋషి శాపంతో రాణి చిలకగా మారిపోవడం, పద్నాలుగు రోజులు అంతఃపురం కిటికీలో కూర్చుని భగవన్నామం జపించడం, చివరికి రాజు ఆ గొంతు గుర్తుపట్టడం. చెబుతూ నేను ఏడ్చాను. వింటూ అందరూ ఏడ్చారు. పెద్దమ్మగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఎక్కడుందమ్మా ఇది? నాకు గుర్తు రావడం లేదే" అని అడిగారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా! "మూడో సంపుటం, నూటపన్నెండో పేజీ అండీ" అన్నాను, తడుముకోకుండా. ఆవిడ పాపం, "చదివి నలభై ఏళ్ళయింది, మర్చిపోయి ఉంటాను" అని నొచ్చుకున్నారు. మర్నాటినుంచి ఆడవాళ్ళంతా బాల్కనీల్లో చిలకలకి జామకాయ ముక్కలు పెట్టడం మొదలుపెట్టారు. పైగా రాబోయే సప్తాహానికి వ్యాసపీఠం ముందు కూర్చుని పారాయణం చేసే భాగ్యం నాకే అని తీర్మానం చేశారు. మా అమ్మ ఫోన్లు చేసి చుట్టాలందరికీ చెప్పుకుంది.

సరిగ్గా ఆ వారమే ఫిల్మ్‌నగర్ నుంచి పిలుపు వచ్చింది. ఆ సీరియల్‌కే పురాణం తెలిసిన మనిషి కావాలట, తప్పులు దిద్దడానికి. దేవుడే పంపాడనుకున్నాను. బొట్టు దిద్దుకుని వెళ్ళాను. అది ఆఫీసంటే ఆఫీసు కాదు, ఒక మేడమీద మూడు గదులు. గుమ్మంలో గదలు, కిరీటాలు అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. రచయితగారు బనీనుమీద తువ్వాలు కప్పుకుని టీ తాగుతున్నారు.

"మా సీరియల్ చూస్తారామ్మా?"

"ఒక్కరోజు కూడా మానలేదండీ. ఆ చిలక శాపం చూసి ఎంత ఏడ్చానో! మూలంలో ఉన్నది ఉన్నట్టు తీశారు."

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మూలంలోనా? మూలంలో ఉందా?"

"ఉందండీ. మూడో సంపుటం, నూటపన్నెండో పేజీ." (ఒకసారి చెప్పిన అబద్ధం రెండోసారి ఎంత నున్నగా వస్తుందో!)

"అదెలా ఉంటుందమ్మా, నేను రాస్తే! మా హీరోయిన్ అక్క పెళ్ళికి పద్నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆవిణ్ని ఏం చెయ్యాలో తోచక చిలకని చేసి కిటికీలో కూర్చోబెట్టాను."

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు రోజుల లెక్క సరిపోయింది. "మరి ఆ నామజపం?" అన్నాను.

ఆయన పక్కగదివైపు తిరిగి, ఆ చిలక గొంతు ఒకసారి వినిపించమని కేకేశారు. అరచేయంత మీసంతో మేనేజర్‌గారు వచ్చారు. యూసుఫ్‌గూడ మనిషి. "ఏంది సార్, చిలక గొంతా? అది మనదే కదా!" అని, అక్కడికక్కడే ముక్కు మూసుకుని అదే నామం, అదే గొంతుతో జపించి చూపించారు. ఆ గొంతుకే నేను దండం పెట్టింది. ఆ గొంతుకే మా అమ్మ టీవీ ముందు నిలబడి హారతిచ్చింది.

ఇంటికెలా వచ్చానో తెలియదు. నేరుగా మూడో సంపుటం తీశాను. నూటపన్నెండో పేజీలో కరువు వర్ణన ఉంది. ఎంత వెతికినా చిలక లేదు.

శుక్రవారం సెల్లార్‌లో వ్యాసపీఠం, దానిమీద దీపకాంతి. పుస్తకం ముందు కూర్చుని ఇంకో అబద్ధం ఆడితే ఆ పాపం ఏ పారాయణంతోనూ పోదనిపించింది. "ఆ చిలక కథ పుస్తకంలో లేదండీ. టీవీలో చూసి చెప్పాను. పేజీ కూడా నేనే కల్పించాను" అనేశాను. అమ్మ తల దించేసుకుంది. మూడో అంతస్తు అవ్వ నోరు తెరిచింది.

"అయ్యో బిడ్డా! నేను సుత చూసిన గదా టీవీల! నువ్వు పేజీ నంబరుతోని చెప్తివి, గందుకే టీవీవోళ్ళు నిజమే తీసిండ్రనుకున్న!"

"మీరు టీవీ చూస్తారా?" అన్నారు పెద్దమ్మగారు, అదిరిపడి.

"జర జర చూస్త," అంది అవ్వ. వెనకనుంచి ఇంకో నలుగురు "మేమూ" అన్నారు. పెద్దమ్మగారి ముఖం ఆరోజు చూడాల్సిందే. తర్వాత నావైపు తిరిగారు. "నామం ఎవరి నోట వచ్చినా నామమేనే. ఏడ్చినందుకు నిన్నేమీ అనను. ఆ పేజీ నంబరుకి మాత్రం లెంపలేసుకో. ఇకనుంచి మొదటి పేజీతో మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా మా అందరికీ పైకి చదువు. సప్తాహం సంగతి ఆ తర్వాత చూద్దాం."

ఐదు సంపుటాలకి ఏడాదిన్నర పట్టింది. అదయ్యాకే వ్యాసపీఠం ముందు కూర్చోనిచ్చారు. ఆ ఉద్యోగం మాత్రం అంతకుముందే వచ్చింది. "లేని పేజీని అంత ధైర్యంగా చెప్పారంటే, నేను కల్పించేవి మీరే పట్టుకోగలరు" అన్నారు రచయితగారు.

ఇప్పటికీ నా దగ్గర పుస్తకాల పట్టిక ఉంది. టీవీలో చూసినవాటికి విడిగా ఇంకో పట్టిక. నిన్న పొద్దున బాల్కనీ గోడమీద ఒక చిలక వచ్చి వాలింది. ఇది కథే, కల్పితమే, రాసినాయన నాకు బాగా తెలుసు, అనుకుంటూనే లోపలికి వెళ్ళి జామకాయ కోసి తెచ్చాను. అది తింటుంటే కాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాను కూడా, నామం ఏమైనా వినిపిస్తుందేమోనని.