హెల్మెట్లు లేని ఆటకి వెళ్లొచ్చాను

శనివారం ఉదయం ఆరున్నరకి జెర్సీ సిటీలో ఇంటి నుంచి బయలుదేరాను. మా అమ్మాయి సాహితి పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీలో చదువుతోంది. వందేళ్లకు పైమాటే, అమెరికన్ ఫుట్‌బాల్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో ఆ కాలేజీ తొలి జట్టు ఆడిన సీజన్‌ని పిల్లలు ఈ ఏడాది మళ్లీ ఆడుతున్నారు. అవే మ్యాచ్‌లు, అవే రూల్స్. అప్పుడు మగపిల్లలే, ఇప్పుడు ఆడపిల్లలకీ చోటిచ్చారు. ఆ రోజుల్లో హెల్మెట్లు లేవు కాబట్టి వీళ్లకీ లేవు. పోయిన చలికాలం మంచులో జారి ఎడమ కాలర్‌బోన్ విరగ్గొట్టుకుని, నెలల తరబడి ఆ చెయ్యి చెవి దాటి పైకెత్తలేకపోయిన పిల్ల, ఆఖరి మ్యాచ్ ఆడతానంది. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ! మావారు ‘నేను చూడలేను’ అని ఇంట్లోనే ఉండిపోయారు. నేను మాత్రం వెళ్లి ఆపాలనే బయలుదేరాను.

న్యూఆర్క్‌లో ఏడూ నలభైకి ట్రెయిన్. టికెట్ వారం ముందే బుక్ చేసుకోండి, నాలా ముందురోజు దాకా ఆగితే రెట్టింపు పెట్టాలి. ఫిలడెల్ఫియా దాటాక పులిహోర డబ్బా తెరిచాను. పక్క సీట్లో తెల్ల టోపీ పెట్టుకున్న ఆమిష్ పెద్దావిడ, ఇప్పటికీ కార్లూ కరెంటూ వద్దనుకుని బతికేవాళ్ల మనిషి, అల్లిక పని చేసుకుంటోంది. కథంతా విని, “ఆడమని మీరే ఒప్పుకున్నారా?” అని అడిగింది.

“నన్నెవరు అడిగారండీ?”

“నన్నూ ఎవరూ అడగరు. నాకు తొమ్మిదిమంది” అని నవ్వింది.

లాంకాస్టర్‌లో పదింబావుకి దిగాను. స్టేషన్ ముందు బస్సెక్కితే అరగంటలో కాలేజీ. శనివారం బస్సు గంటకొకటే, టైమ్ చూసుకుని దిగండి.

సాహితి మందపాటి కాన్వాస్ చొక్కాలో ఎదురొచ్చింది. “ఆపడానికి వచ్చావ్ కదా అమ్మా? డాక్టర్ ఓకే చెప్పాడు. మేం లెవెన్ మందే ఉన్నాం. నేను డ్రాప్ అయితే గేమే లేదు.”

“మరి తలకి అడ్డమేదీ?”

“హెయిర్! అప్పుడు బాయ్స్ అందరూ జుట్టు పెంచేవాళ్లు, కుషన్ లాగా.”

ఆపలేనని తెలిసిపోయింది. ఇక నాకొచ్చిన పనే చేశాను. మెట్ల మీద కూర్చోబెట్టి, బ్యాగులోంచి కొబ్బరినూనె తీసి మాడుకి బాగా పట్టించి, బిగించి జడ అల్లి, నెత్తిన లావుగా చుట్ట చుట్టాను. అది చూసి మరో నలుగురు వరస కట్టారు. గడ్డం, భుజాలదాకా జుట్టు ఉన్న కెప్టెన్ కుర్రాడు కూడా “నాకూ ఆంటీ” అంటూ కూర్చున్నాడు.

ఒంటిగంటకి ఆట మొదలైంది. ఆటంటే చాలావరకు ఒకరి మీద ఒకరు పడటమే. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూశాను. చివరి నిమిషంలో బంతి సాహితి చేతికొచ్చింది. గీత దాటిస్తే గెలుపే. నాలుగడుగులుందనగా, కళ్ల మీదికి జారిన చుట్టని చేత్తో పైకి తోసుకుంది. మరుక్షణం ఆ నూనె చేతిలోంచి బంతి జారిపోయింది. బంతి మీద సాహితి, సాహితి మీద ఐదుగురు.

ఒక్కొక్కరే లేచారు. అందరికంటే అడుగున ఉన్నది లేచి, మట్టి ఉమ్మేసి, నన్ను వెతుక్కుని రెండు చేతులూ పైకెత్తింది. నేను అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చేశాను.

“నా నూనె వల్లే ఓడిపోయారమ్మా” అన్నాను తర్వాత, సిగ్గుతో.

సాహితి నవ్వాపుకోలేక కెప్టెన్‌ని పట్టుకుంది. ఇదంతా ఏర్పాటు చేసిన హిస్టరీ ప్రొఫెసరైతే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “ఆ తొలి జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వీళ్లు ఎక్కడ గెలిచి నా చరిత్ర పాడుచేస్తారోనని కంగారుపడ్డాను” అన్నాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నమాట!

ఐదుంబావు ట్రెయిన్‌కి తిరుగు ప్రయాణం. గెలుపు చూడాలనుకునే వాళ్లని అక్కడికి వెళ్లమని చెప్పను. ఒళ్లంతా మట్టితో, ఓడిపోయి కూడా పకపకా నవ్వే పిల్లల్ని చూడాలంటే మాత్రం తప్పక వెళ్లండి, వచ్చే ఏడాది కూడా ఆడతారట. సీట్లో కూర్చోగానే మావారి ఫోన్.

“ఏమైంది? చెప్పవేం?”

“ఓడిపోయారండీ!” అన్నాను, బోగీ అంతా తిరిగి చూసేలా.

“ఓడిపోతే అంత సంతోషమేంటే?”

“లేచి రెండు చేతులూ పైకెత్తిందండీ.”



“ఎడమది కూడానా?”

“ఎడమది కూడా. పూర్తిగా.”